పాత ఫోర్డు బండికి ఇరుసు చక్రములు

ఎద్దుబండి మలుపు తిరుగుట మనమందరము చూచినదే. బండి కుడివైపునకు తిరుగునప్పుడు ఎడమ చక్రము ఎక్కువ దూరము నడచును, కుడి చక్రము తక్కువ దూరము నడచును. అందువలన బండివానికి చిక్కేమియు లేదు. ఏలయన, మన బండి ఇరుసు తాను తిరుగదు. అది కదలక నిలిచియుండగా చక్రములు రెండును దాని కొనలయందు దేనికది తిరుగుచుండును. కందెన వేయుట, కడచీల ఊడకుండ చూచుకొనుట, ఇంతియే మన పని.

మోటారు బండి సంగతి వేరు. దానిని ముందు నుండి లాగువారు లేరు. ఇంజనులో పుట్టిన బలము ఇరుసుగుండ పోయి చక్రమును త్రిప్పవలెను. చక్రము నేలను తన్ని బండిని ముందునకు త్రోయవలెను. కావున అక్కడ ఇరుసే తిరుగవలసి వచ్చినది. ఇరుసే తిరిగినచో రెండు చక్రములును ఒక్కటే వేగమున తిరుగును. మలుపులో ఏదో యొకటి నేలపై ఈడ్వబడును. ఈ చిక్కునకు ఉపాయము చెప్పినవాడు ఒనెసిఫోర్ పెక్కర్ అను ఫ్రెంచి దేశస్థుడు. ఆవిరిబండి కొరకు 1828 లో అతడు పొందిన హక్కుపత్రములో ఇరుసు రెండు తునకలుగా ఉండును. ఆ తునకలను నడుమ చిన్న చిన్న పండ్ల చక్రములు కలుపును. బండి తిన్నగా పోవునప్పుడు తునకలు రెండును కలిసి తిరుగును. మలుపులో ఒకదాని వేగము తగ్గినంత రెండవదాని వేగము హెచ్చును. దీనినే మన లారీ మేస్త్రీలు డిఫరెన్షియలు అందురు. దాని గూటికి బిగించిన పెద్ద పండ్ల చక్రము క్రౌను. ఇంజను వైపు నుండి వచ్చిన కడ్డీ చివర నుండి దానిని త్రిప్పు చిన్న చక్రము పినియను. ఈ రెండు పేర్లు జ్ఞాపకముంచుకొన్నచో నేను చెప్పబోవు కథకు చాలును.

నాయొద్ద పూర్వము ఉన్నతపాఠశాలలో చదివికొన్న శిష్యుడొకడు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఇంజనీరుగా ఉన్నాడు. 2018 లో అతడు ఒక రైతు కొట్టములో పడియున్న 1925 నాటి ఫోర్డు పికప్పు బండిని కొని బాగుచేసికొనెను. పికప్పు అనగా ముందు ఇద్దరు కూర్చుండుటకు చోటును, వెనుక సరకునకు తెరచిన పెట్టెయు గల చిన్న బండి. ఆ సంవత్సరము వేసవిలో ఒకనాడు తన కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పల్లపు దారిని దిగుచుండగా వెనుక నుండి గరగరమను చప్పుడు వచ్చినదట. కాలి బ్రేకు త్రొక్కెను. బండి ఆగలేదు, సరిగదా వేగము హెచ్చినది. చేతి బ్రేకు లాగెను. అదియు చాలలేదు. ప్రక్కనున్న గడ్డిగట్టునకు బండి నెక్కించి ఎట్లో ఆపుకొనెను. బిడ్డకు మోచేయి గీరుకొనుట తప్ప అపాయము కలుగలేదు. "గురువుగారూ, బ్రేకు బాగుగనే యున్నది, అయినను బండి ఆగలేదు. కారణము మీరు ఊహింపగలరా?" అని నాకు ఉత్తరము వ్రాసెను. నేను ఊహింపలేకపోతిని. తరువాత అతడు వ్రాసిన ఉత్తరములను బట్టియు, నేను చదివిన కొన్ని గ్రంథములను బట్టియు తెలిసికొన్న సంగతులనే ఇప్పుడు మనవి చేయుచున్నాను.

ఆ బండి మోడల్ టి అను జాతికి చెందినది. హెన్రీ ఫోర్డు దానిని 1908 అక్టోబరులో అమ్మకమునకు పెట్టెను. 1927 మే నెలలో నిలిపివేసెను. ఈ మధ్యకాలమున కోటి ఏబది లక్షలకు పైగా బండ్లు తయారైనవి. మొదట చాలకాలము రైతులు కారునే కొని, దాని వెనుక భాగమును కోసివేసి, ఊరి వడ్రంగిచే చెక్కపెట్టె కట్టించుకొనెడివారు. ఇది చూచి 1925 ఏప్రిలులో ఫోర్డు కంపెనీవారే కార్ఖానాలో పెట్టె బిగించి 281 డాలర్లకు అమ్మజొచ్చిరి. పెట్టె పొడవు 56 అంగుళములు. వెనుక తెరచి మూయుటకు తలుపును, ప్రక్కల గుంజలు నాటుకొనుటకు నాలుగు గూళ్లును, బరువునకు తగిన గట్టి స్ప్రింగులును అమర్చిరి. ఇంజను బలము 20 గుర్రములు. కార్ఖానా నుండియే పికప్పుగా వెలువడిన ఫోర్డు బండ్లలో ఇది మొదటిది.

ఇక బ్రేకు సంగతి. నేటి బండ్లలో కాలి బ్రేకు చక్రముల నొడిసిపట్టును. మోడల్ టి లో అట్లు కాదు. కాలి బ్రేకు ఇంజను వెనుకనున్న గేరుపెట్టెలోని డోలు వంటి భాగమును పట్టియుంచును. ఆ పట్టు పొడవైన కడ్డీగుండ పినియనునకు, పినియను నుండి క్రౌనునకు, క్రౌను నుండి ఇరుసునకు, ఇరుసు నుండి చక్రమునకు చేరవలెను. క్రౌను పండ్లు పినియను పండ్లను వీడినచో ఇంజను ఎంత బలముగ నడచినను బండి కదలదు. బ్రేకు ఎంత గట్టిగ పట్టినను బండి ఆగదు. చేతి బ్రేకు మాత్రము వెనుక చక్రములకు సూటిగ తగులును గాని, అది నిలిచియున్న బండిని కదలకుండ ఉంచుటకు ఏర్పడినదే గాని పరుగెత్తు బండిని ఆపుటకు కాదు. ఆ కాలముననే జాగ్రత్తపరులు కొందరు వెనుక చక్రములకు వేరుగ బ్రేకు పట్టీలు కొని బిగించుకొనెడివారు. రాకీ పర్వతముల పేరిట అమ్మబడిన అట్టి బ్రేకులు మిక్కిలి ప్రసిద్ధములు.

పండ్లు పండ్లను వీడుటకు కారణమేమి? శిష్యుడు ఇరుసు విప్పి చూడగా డిఫరెన్షియలు గూటి ప్రక్కనుండవలసిన వాషరు పొడియై నూనెలో కలిసిపోయి యుండెనట. పినియను క్రౌనును త్రిప్పునప్పుడు దానిని ప్రక్కకు కూడ త్రోయును. ఆ త్రోపునకు అడ్డు నిలుచునది ఈ వాషరే. క్రౌను పినియనునకు ఎంత చేరువగ నుండవలెనో దీని మందమే నిర్ణయించును. ఫోర్డు దీనిని బాబిట్టు అను మెత్తని మిశ్రలోహముతో చేయించెను. 1839 లో ఐజాక్ బాబిట్ అను అమెరికా దేశస్థుడు కనిపెట్టిన ఆ లోహము ఇంజను బేరింగులకు మిక్కిలి తగినది. కాని ఇరుసులో దెబ్బలకోర్చి యుండవలసిన చోట అది కాలక్రమమున పగిలి తునకలగును. ఒక్కసారియు బండిలో పెట్టని వాషరు కూడ పెట్టెలోనే యుండి చేతిలోకి తీసికొనగనే విరిగిపోవుచున్నదని పాత బండ్లవారు చెప్పుదురు. అందుచేత మోడల్ టి బండి కొన్నవాడు మొట్టమొదట ఇరుసు విప్పి బాబిట్టు తీసివేసి కంచు వాషర్లు వేయవలెనని నేడు వారందరును ఏకకంఠముగ బోధింతురు. నా శిష్యునికి ఈ బోధ గట్టునెక్కిన తరువాత అందినది!

వాషరు పోయినప్పుడు అది ఒంటరిగ పోలేదు. క్రౌను పండ్ల కొనలను పినియను కొరికివేసినది. పినియను పండ్లు కత్తివాదరవలె అరిగినవి. రెండును మార్చవలసివచ్చినది. తొంబది మూడేండ్ల క్రిందటి బండికి పండ్ల చక్రములు ఎక్కడ దొరకును? మా ప్రాంతమున పదునైదేండ్ల నాటి ట్రాక్టరునకు ఒక గేరు కావలసి రైతు ఒకడు మూడు జిల్లాలు తిరిగి తుదకు బండినే తుక్కునకు అమ్ముకొనుట నేనెరుగుదును. కావున శిష్యునకు నిరాశయే మిగులునని తలచితిని. తలచినది తప్పు. కాని దొరకిన విధము చెప్పుటకు ముందు లెక్క యొకటి చెప్పవలెను. ఉపాధ్యాయుని అలవాటు పోదు గదా.

పండ్లెన్ని యని నేను వ్రాసి అడిగితిని. క్రౌనునకు 40, పినియనునకు 11 అని అతడు బదులు వ్రాసెను. 40 ని 11 చే భాగించినచో 3 మీద 7 బై 11. అనగా చక్రము ఒక చుట్టు తిరుగుటకు ఇంజను కడ్డీ మూడు చుట్ల మీద సగమునకు కొంచెము ఎక్కువ తిరుగవలెను. బండి చక్రము అడ్డుకొలత సుమారు 30 అంగుళములు గనుక మైలు దూరమునకు అది దాదాపు 670 చుట్లు తిరుగును. పినియను దాదాపు 2,440 చుట్లు తిరుగును. క్రౌనులో ఒక పన్ను మైలునకు 670 దెబ్బలు తినగా పినియనులో ఒక పన్ను 2,440 దెబ్బలు తినును. పినియను ముందుగ అరుగుటలో వింతలేదు.

ఇందులో మరియొక విశేషము కలదు. 40 కిని 11 కిని ఒకటి తప్ప సామాన్య భాజకము లేదు. భాస్కరాచార్యులవారు లీలావతిలో కుట్టక ప్రకరణమున ఇట్టి సంఖ్యలను దృఢములనిరి. పండ్ల లెక్కలు దృఢములైనచో పినియనులోని ప్రతి పన్నును క్రౌనులోని ప్రతి పన్నుతోను వంతుల వారీగ కలియును; ఒకసారి కలిసిన జంట మరల కలియుటకు క్రౌను పదునొకండు చుట్లు తిరుగవలెను. ఒక పన్నులో గరుకు ఉన్నచో అది నలువది పండ్లకును సమముగ పంచబడి నునుపగును. పినియనునకు 10 పండ్లే యున్నచో ఒక్కొక్క పన్ను క్రౌనులో నాలుగు పండ్లతోనే జీవితమంతయు కాపురము చేయును. గరుకు పన్ను ఆ నాలుగింటినే తినివేయును. మోటారులు పుట్టక పూర్వమే ఇంగ్లండులో పిండిమరలు చేయు వడ్రంగులు ఈ మర్మమెరిగి కొయ్య చక్రమునకు పన్నొకటి అదనముగ చెక్కెడివారు. వారు లీలావతి చదువలేదు. అయినను చేయి చేసిన లెక్కయు లెక్కయే.

ఇక దొరకుట ఎట్లనగా: పూర్వకాలమున బండి చేయు మేస్త్రీ ప్రతి భాగమును దాని ప్రక్కభాగమునకు తగినట్లు ఆకురాయితో రాచి కూర్చెడివాడు. ఒక బండి చక్రము మరియొక బండికి పట్టదు. ఒకేరకపు భాగములన్నియు ఒకే కొలతతో ఉండవలెనను పద్ధతి మొదట తుపాకుల కార్ఖానాలలో బలపడి, తరువాత మోటారులకు వచ్చెను. దీనికి మరువరాని పరీక్ష 1908 లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటయొద్ద జరిగినది. అమెరికా నుండి వచ్చిన మూడు కాడిలాక్ కార్లను విప్పి, భాగములన్నిటిని ఒకే కుప్పగ కలిపివేసిరి. అందులో కొన్నిటిని తీసివేసి దుకాణములోని క్రొత్త భాగములను వేసిరి. పిమ్మట ఆ కుప్ప నుండి మూడు కార్లను మరల కూర్చి 500 మైళ్లు పరుగెత్తించిరి. మూడును పరుగెత్తినవి. ఆ కంపెనీకి డ్యూవార్ బహుమానము లభించినది. చూచువారికి ఇది గారడీవలె తోచి యుండవచ్చును. నిజమునకు ఇది కొలబద్ద చేసిన పని.

ఫోర్డు ఈ కొలతకు వేగమును జోడించెను. 1913 లో హైలండ్ పార్కు కార్ఖానాలో బండ్లు తామే పనివారియొద్దకు కదలివచ్చు వరుసను ఏర్పాటు చేయగా, పన్నెండున్నర గంటలు పట్టుచుండిన ఛాసీ కూర్పు మరుసటి సంవత్సరమునకు 93 నిమిషములకు దిగినది. వరుస కదలుచుండగా ఆకురాయి పట్టుకొని రాచుటకు తీరిక యెవరికి? భాగము పట్టితీరవలెను. ఆ విధముగ కోటి ఏబది లక్షల బండ్లకు ఒకే మూసలోని భాగములు సిద్ధమైనవి. 1915 తరువాత వెనుక ఇరుసు మూలకల్పన చాలవరకు మారలేదు. ఇరుసులోని రోలరు బేరింగులు హయత్ కంపెనీవి. ఆ కంపెనీని నడపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ 1923 లో జనరల్ మోటార్సునకు అధ్యక్షుడై ఫోర్డునకు గట్టి పోటీదారుడగుట మరియొక కథ.

బండ్లు హెచ్చినకొలది భాగముల వ్యాపారమును హెచ్చినది. ఫోర్డు అంగళ్లలోనే గాక తపాలాలో జాబితా చూచి తెప్పించుకొను ఏర్పాటును వచ్చినది. జార్జి పెప్పర్‌డైన్ అను యువకుడు 1909 లో కాన్సస్ నగరమున అయిదు డాలర్ల తపాలా బిళ్లలతో ఫోర్డు బండి సామానుల వ్యాపారము ప్రారంభించి, దానినే వెస్టరన్ ఆటో అను పెద్ద సంస్థగా పెంచెను. ఆ ధనముతో 1937 లో లాస్ ఏంజిల్సు నగరమున ఒక కళాశాలను స్థాపించెను. అది నేడు ఆయన పేరిట విశ్వవిద్యాలయమై యున్నది. బోల్టులు, వాషర్లు అమ్మిన సొమ్ము పాఠశాలకు చేరుట మావంటివారికి సంతోషము గదా. బండి నిలిచిపోయిన తరువాతను ఫోర్డు కంపెనీవారు మోడల్ టి ఇంజనులను 1941 ఆగస్టు వరకు చేయుచునే యుండిరి.

పిమ్మట యుద్ధము వచ్చినది. 1942 లో అమెరికాలో ఇనుపతుక్కు సేకరణ ఉద్యమము సాగి, కొట్టములలో పడియున్న పాత బండ్లు లెక్కకు మిక్కిలిగ కరిగిపోయినవి. మిగిలినవానికి అప్పుడు విలువ కలిగినది. 1935 లో పాత మోటారుల అభిమానులు ఏర్పరచుకొనిన అమెరికా సంఘమువారు 1955 నుండి పెన్సిల్వేనియా రాష్ట్రమున హెర్షీ అను ఊర శరత్కాలమున ఒక సంత జరుపుచున్నారు. మన పశువుల సంతవలె అది విశాలమైన మైదానమున జరుగును. పశువుల పండ్లు చూచి వయసు చెప్పినట్లు అక్కడివారు చక్రముల పండ్లు చూచి వయసు చెప్పుదురు.

నా శిష్యుడు 2018 అక్టోబరులో ఆ సంతకు పోయెను. మొదటి దుకాణదారుడు "ఫోర్డు టి లారీ గేరు" అని చూపినది వేరుజాతి. 1917 నుండి ఫోర్డు చేసిన ఒకటన్ను లారీకి టి టి అని పేరు. దాని ఇరుసులో క్రౌను, పినియను లేవు. మరచుట్టు గల ఉక్కు కడ్డీ ఒకటి కంచు చక్రమును త్రిప్పును. ఇంజను ఏడుచుట్ల పావు తిరిగిన గాని చక్రము ఒక చుట్టు తిరుగదు. పేరు ఒక్కటే, పని వేరు. రెండవవాడు చూపిన పినియను చూచుటకు ముచ్చటగ నున్నది, ఆనాటి మైనపుకాగితములో చుట్టినది చుట్టినట్లే యున్నది. శిష్యుడు పండ్లు లెక్కించెను. పది. కొండదారులకు పూర్వము కొందరు దానిని వేసికొనెడివారు. బండి మెల్లగ పోవును, ఎత్తు బాగుగ ఎక్కును. తనకు వలదని తిరిగి ఇచ్చెను. మూడవచోట 39 పండ్ల క్రౌను, 13 పండ్ల పినియను జత కనబడెను. ఇది నేటి నున్నని రోడ్లపై వేగము కోరువారికి క్రొత్తగ చేయబడుచున్నది. "గురువుగారూ, మూడు పదమూడులు ముప్పదితొమ్మిది, ఇవి దృఢములు కావు" అని అక్కడినుండియే నాకు వార్త పంపెను. నవ్వుకొంటిని. నలువది యేండ్ల తరువాత పాఠము జ్ఞాపకమున్నదని తెలిసిన ఉపాధ్యాయునకు అంతకంటె పింఛను లేదు.

తుదకు క్రౌను ఒక ముసలి రైతుయొద్ద దొరకినది. ఆనాటిదే, ఒక ప్రక్క కొద్దిగ తుప్పు పట్టినది, పండ్లు నలువదియు నిండుగ నున్నవి. పినియను మాత్రము 11 పండ్లది క్రొత్తగ చేసినది కొనెను. మోడల్ టి ఇప్పటికిని వేలకొలదిగ నడచుచున్నందున ఇట్టి చక్రములు చేయు చిన్న కార్ఖానాలు అక్కడ కలవు. సంఖ్య తక్కువగ తయారైన ఆనాటి ఇతర బండ్లవారికి ఈ భాగ్యము లేదు. వారు అరిగిన చక్రమునే మాదిరిగ ఇచ్చి, ఎక్కువ సొమ్ము పోసి, ఒక్క జత చెక్కించుకొనవలెను. ఫోర్డును ఆ కాలపు ధనికులు తగరపు బండి యని ఎగతాళి చేసిరి. వారు కొనిన వెండిపూతల బండ్లలో పెక్కింటికి నేడు పినియను దొరకదు.

పాత క్రౌనును క్రొత్త పినియనుతో జత కలుపుట సులభము కాదు. పండ్లమీద రంగుపూసి చేతితో త్రిప్పి ఎక్కడ తాకుచున్నదో చూచుట, కంచు వాషర్ల మందమును వెంట్రుకవాసి చొప్పున తగ్గించి మరల చూచుట, ఈ పనికి అతనికి ఆరు ఆదివారములు పట్టినవి. ఇరుసు కడ్డీ చివర చిన్న చక్రమును పట్టియుంచు తాళపుచీల కూడ మార్చెను; అది తెగినను బ్రేకు పోవుట ఖాయము. చక్రములకు వేరు బ్రేకు పట్టీలును బిగించెను.

ఈ బండ్ల జ్ఞాతులు మనదేశమునకును వచ్చినవి. డెట్రాయిటు ఎదుట నది కావలి ఒడ్డున కెనడాలోని ఫోర్డు కంపెనీవారు కుడివైపు చోదనముగల బండ్లను చేసి బ్రిటిషు సామ్రాజ్యమునకు పంపెడివారు. 1926 లో ఫోర్డు ఇండియా కంపెనీ ఏర్పడి మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో పని ప్రారంభించినది. మీ ఊరి పాత భవంతి కొట్టములో ఇనుప గుండు వంటి నడుము గల ఇరుసు ఒకటి పడియున్నచో తుక్కువానికి వేయుటకు ముందు మూత విప్పి పండ్లు లెక్కింపుడు.

శిష్యుడు తన అరిగిన పినియనును నాకు పంపెను. నా బల్లమీద కాగితములు ఎగురకుండ బరువుగ ఉంచితిని. పదునొకండు పండ్లలో ఒకటి సగము విరిగియున్నది. మా మనుమడు దానిని చూచినప్పుడెల్ల మరల మొదటినుండి లెక్కించును.